పీహెచ్ అంటే ఏమిటో చెప్పలేకపోయాను. ఇప్పుడు సైన్స్ నేర్చుకోవచ్చా?

ఒక పాఠకురాలు చాలా వివరంగా రాసిన ఉత్తరం ఇది. పేరు రాయవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె వయసు 38. కామర్స్ చదివి ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నారు. పదో తరగతి తర్వాత సైన్స్ పుస్తకం ముట్టుకోలేదు. ఇంట్లో భర్త, పదేళ్ళ పాప, బీపీ ఉన్న అత్తగారు ఉంటారు. భర్తకు అన్నయ్య, అంటే ఆమెకు బావగారు, వేరే ఇంట్లో ఉంటారు. ఆయన మాటంటే అందరికీ గురి. ఏడాదిగా ఆయన ఆరోగ్యం మీద రోజూ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు. ఉప్పు తగ్గించమన్నారు, రోజూ నడవమన్నారు. తర్వాత క్షార నీళ్ళ మెషిన్ కొనిపించారు. ఆ నీళ్ళు తాగితే రక్తంలో ఆమ్లం పోయి ఏ జబ్బూ రాదట. ఆ తర్వాత అత్తగారి చేతికి అయస్కాంతపు కడియం తొడిగారు. అది రక్తంలో ఇనుమును లాగి ప్రసరణ పెంచుతుందట. ఈ మధ్య, బీపీ మాత్రలు కెమికల్స్ అనీ, ఒంట్లో పేరుకుపోతాయనీ చెప్పారు. అప్పటి నుంచి అత్తగారు మాత్ర విరిచి సగమే వేసుకుంటున్నారు. కొన్ని రోజులు అదీ లేదు.

ఒకరోజు అందరూ కూర్చున్నప్పుడు ఆమె, "ఇదంతా నిజం కాదేమో బావగారూ" అన్నారు. "అయితే పీహెచ్ అంటే ఏమిటో చెప్పు చూద్దాం" అని ఆయన అడిగారు. ఆమె చెప్పలేకపోయారు. అందరూ నవ్వారు. పాప కూడా నవ్వింది. "ఆ నవ్వు మర్చిపోలేకపోతున్నాను. తప్పని లోపల తెలుస్తూనే ఉంది, ఎందుకు తప్పో చెప్పడం రావడం లేదు. ఈ వయసులో సైన్స్ మొదటి నుంచి నేర్చుకోవడం కుదురుతుందా? లేక నోరు మూసుకుని ఉండటమే మర్యాదా? పాప దృష్టిలో ఏమీ తెలియని అమ్మగా మిగిలిపోతానని టెన్షన్‌గా ఉంది" అని రాశారు.

ఇక నా సమాధానం.

మీ ఉత్తరం చదివితే అన్నీ ఒకే బాధలా కనిపిస్తాయి కానీ, ఇందులో వేరువేరు విషయాలు కలిసిపోయాయి. అత్తగారి మాత్రలు ఒకటి, బావగారితో వాదన ఇంకొకటి, మీరు చదువుకోవాలనుకోవడం మరొకటి. చివరి రెండింటికీ నెలలు పట్టినా ఫరవాలేదు. మాత్రల విషయం ఈ వారంలోనే తేలాలి. ఎవరి మాట నెగ్గిందన్న దానితో దాన్ని కలపకండి.

బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు. తలనొప్పి ఉండదు, కళ్ళు తిరగవు. లోపల మాత్రం మెదడు, గుండె, కిడ్నీల రక్తనాళాల మీద ఒత్తిడి పడుతూనే ఉంటుంది. అందుకే "బాగానే ఉన్నాను కదా, సగం చాలు" అనుకోవడం చాలా సహజం, చాలా ప్రమాదం కూడా. కొన్ని రకాల బీపీ మందులు హఠాత్తుగా ఆపితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. రోజంతా కొంచెం కొంచెంగా మందు వదిలేలా తయారుచేసిన మాత్రలుంటాయి, వాటిని విరిస్తే ఆ ఏర్పాటే చెడిపోతుంది. ఇక పేరుకుపోవడం సంగతి. బీపీ మందుల్లో చాలావాటిని కాలేయం మారుస్తుంది, కిడ్నీలు బయటికి పంపేస్తాయి. ఒంట్లో అలా పేరుకుపోయేదే అయితే రోజూ వేసుకోమని ఎందుకు చెబుతారు? ఒక్కసారి వేసుకుంటే నెలల తరబడి పనిచేయాలి కదా. ఈ ఒక్క ప్రశ్న అత్తగారికి అర్థమవుతుందనుకుంటున్నాను.

ఆమెతో మాట్లాడేటప్పుడు బావగారు చెప్పింది తప్పని మొదలుపెట్టకండి. ఆమెకు ఆయన కొడుకు. "అత్తయ్యా, మాత్ర తగ్గించవచ్చేమో డాక్టర్‌నే అడుగుదాం" అనండి. ఇది బుజ్జగించడానికి చెప్పే మాట కాదు. ఉప్పు తగ్గించి, నడుస్తూ, బరువు తగ్గినవాళ్ళకు డాక్టర్లు మోతాదు తగ్గించడం ఉంది. వెళ్ళేవరకు ఇంట్లో బీపీ చూసి రాసిపెట్టండి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టాక, ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి చూడాలి. ఆ రోజు మాత్ర ఎంత వేసుకున్నారో పక్కనే రాయండి. ఇంట్లో చూసిన అంకెలు 135/85 దాటి కనిపిస్తుంటే డాక్టర్‌ని కలవడం రేపటికి వాయిదా వేయకండి. డాక్టర్‌కు కూడా "సగం వేసుకుంటోంది" అన్న ఫిర్యాదు కన్నా ఆ కాగితమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఈ పనికి మీకు పీహెచ్ తెలియనవసరం లేదని గమనించారా? అయినా ఆ ప్రశ్న మిమ్మల్ని కుదిపేసింది కాబట్టి దానికీ జవాబు చెబుతాను.

నీళ్ళలాంటి ద్రవంలో హైడ్రోజన్ అయాన్లు, అంటే ఆమ్ల గుణాన్నిచ్చే విద్యుదావేశపు కణాలు, ఎంత గాఢంగా ఉన్నాయో చెప్పే కొలత పీహెచ్. 1909లో సోరెన్‌సెన్ అనే డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త దీన్ని ప్రవేశపెట్టాడు. అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. మామూలు గది వేడిలో స్వచ్ఛమైన నీటికి 7, అంతకు పైన క్షారం, కింద ఆమ్లం. ఇందులో ఒక మెలిక ఉంది. ఒక్క అంకె తేడా అంటే పది రెట్ల తేడా. 7 నుంచి 5కు దిగితే ఆమ్లం రెండింతలు కాదు, నూరు రెట్లు పెరిగినట్టు.

ఇప్పుడు ఆ మెషిన్ నీళ్ళ లెక్క చూద్దాం. వాటి పీహెచ్ 9 అనుకుందాం, ఇతర క్షార లవణాలేమీ కలపలేదనుకుందాం. జీర్ణాశయంలో ఉండే ఆమ్లం పీహెచ్ 2 దరిదాపుల్లో ఉంటుంది. ఒక లీటరు మెషిన్ నీళ్ళలోని క్షారాన్ని పూర్తిగా చంపడానికి ఆ ఆమ్లం ఒక్క మిల్లీలీటరు చాలు. అంటే ఆ నీళ్ళు రక్తం దాకా క్షారంగా వెళ్ళనే వెళ్ళవు. రక్తం సంగతి ఇంకా గట్టిది. దాని పీహెచ్‌ను శరీరం 7.35 నుంచి 7.45 మధ్యే పట్టి ఉంచుతుంది. నీళ్ళలో కరిగితే ఆమ్లంగా మారే కార్బన్ డయాక్సైడ్‌ను ఊపిరితిత్తులు బయటికి వదులుతాయి, కిడ్నీలు మిగిలిన ఆమ్లాన్ని మూత్రంలో పంపుతాయి. మనం రోజుకు వదిలే కార్బన్ డయాక్సైడ్ దాదాపు కిలో వరకూ ఉంటుంది. ఊపిరి తీసి వదిలినంత మాత్రాన శరీరం అంత పని చేస్తోంది. దాని ముందు లీటరు నీళ్ళ క్షారం ఎంత?

ఆ "ఎంత?" అనే మాట పట్టుకోండి. బావగారి దగ్గర పదాలు చాలా ఉన్నాయి: ఆమ్లం, క్షారం, ఇనుము, అయస్కాంతం. అవన్నీ నిజమైన పదాలే, రక్తంలో ఇనుము ఉన్నదీ నిజమే. ఆయన వాదనలో లేనిది పరిమాణం. మీరు రోజూ ఆఫీసులో చేసే పని అదే కదా. ఎంత వచ్చింది, ఎంత పోయింది, తేడా ఎక్కడుంది?

కడియానికీ ఇదే ప్రశ్న వేద్దాం. పెద్దవాళ్ళ ఒంట్లో ఇనుము మొత్తం కలిపి మూడు నాలుగు గ్రాములు. అందులో ఎక్కువ భాగం హీమోగ్లోబిన్‌లో ఉంటుంది. అక్కడ అది ఇనుప ముక్కలా ఉండదు, ఒక్కొక్క పరమాణువు విడివిడిగా పెద్ద అణువులో ఇమిడి ఉంటుంది. ఇనుప మేకు అయస్కాంతానికి అతుక్కునేది కోట్లానుకోట్ల పరమాణువులు ఒకే దిక్కుకు సర్దుకోవడం వల్ల. హీమోగ్లోబిన్‌లో దానికి వీలే లేదు. పైగా ఆక్సిజన్ ఉన్న హీమోగ్లోబిన్‌ను అయస్కాంతం ఆకర్షించదనీ, అతి స్వల్పంగా వికర్షిస్తుందనీ 1936లోనే పాలింగ్, కోరియెల్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. ఇంత వివరం గుర్తుండకపోయినా ఫరవాలేదు, ఎమ్మారై స్కాన్ గుర్తుంచుకోండి. ఆస్పత్రుల్లో మామూలుగా వాడే ఆ యంత్రాల అయస్కాంత బలం 1.5 లేదా 3 టెస్లాలు, కడియానికి ఎన్నో రెట్లు. రక్తంలో ఇనుమును అయస్కాంతం లాగేదే అయితే ఆ యంత్రంలో పడుకున్నవాళ్ళు లేచి రాగలరా?

అయితే కడియం తీసేయించాలని పంతం పట్టవద్దు. దానివల్ల లాభం లేకపోయినా చాలామందికి నష్టమూ లేదు. గుండెకు పేస్‌మేకర్ అమర్చినవాళ్ళు మాత్రం ఇలాంటి వాటికి దూరంగా ఉండాలి. మెషిన్ నీళ్ళతోనూ లాభం లేదు, చాలామందికి నష్టమూ లేదు. అత్తగారికి కిడ్నీ సమస్య ఏమైనా ఉంటే డాక్టర్‌ని అడగండి, లేకపోతే వదిలేయండి. దాహం తీరుతుంది.

"కెమికల్స్" అన్న మాట గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మాత్రలు మాన్పించింది అదే. నీళ్ళు రసాయనమే, మనం పీల్చే ఆక్సిజన్ రసాయనమే, మన ఎముకలు రసాయనాలే. ఒకప్పుడు పెద్ద పెద్ద పండితులు కూడా ప్రాణుల శరీరంలో తయారయ్యే పదార్థాలు వేరు, ప్రయోగశాలలో తయారయ్యేవి వేరు అనే నమ్మేవారు. 1828లో వోలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త మూత్రంలో ఉండే యూరియాను ప్రయోగశాలలో తయారుచేశాడు. దానికీ, శరీరం తయారుచేసిన యూరియాకూ తేడా లేదు. అణువుకు తన పుట్టుక గుర్తుండదు. మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది అది ఏ అణువు, ఎంత మోతాదు అన్నదాన్ని బట్టి ఉంటుంది. కొద్ది సమయంలో అతిగా తాగితే నీళ్ళు కూడా రక్తంలో సోడియం పలచబరిచి ప్రాణం మీదికి తెస్తాయి. బీపీ మాత్రకూ దుష్ప్రభావాలు ఉండొచ్చు. కాళ్ళ వాపో, పొడి దగ్గో, నిలబడితే కళ్ళు తిరగడమో ఉంటే అత్తగారి భయం ఉత్తి భయం కాదు, అది డాక్టర్‌కు చెప్పాల్సిన విషయం. మందు మార్చే వీలుంటుంది. అడిగి చూడండి, ఎవరికీ చెప్పుకోని ఇబ్బంది ఏదైనా ఉండే మాత్ర విరవడం మొదలుపెట్టారేమో.

ఇక బావగారు. అందరి ముందు ఈ లెక్కలన్నీ ఆయనకు అప్పజెప్పవచ్చు. మీకు రెండు నిమిషాలు ఊరటగా ఉంటుంది. కానీ నలుగురిలో ఓడిన మనిషి తన అభిప్రాయాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాడు, అత్తగారు కొడుకు పక్షానే ఉంటారు. అప్పుడు మాత్రల సంగతి మళ్ళీ మొదటికొస్తుంది. పూర్తిగా మౌనంగా ఉండటం ఇంకో దారి. కడియం విషయంలో అది సరిపోతుంది, మాత్రల విషయంలో సరిపోదు. మీ భర్త చేత మాట్లాడించడం మరొకటి. అన్నదమ్ముల మధ్య మాట కాబట్టి పట్టింపు తక్కువ. అయితే ఆయనకు కూడా విషయం అర్థమయ్యాకే పంపండి, లేకపోతే "నీ భార్య చెప్పిందా?" అన్న ఒక్క మాటతో అది ముగిసిపోతుంది. ఈ ఉత్తరంలో మీ భర్త ఎక్కడా మాట్లాడినట్టు లేదు. అందరూ నవ్వినప్పుడు ఆయన ఏం చేశారో మీరు రాయలేదు. ఆ మాట మీరిద్దరూ ఒకసారి మాట్లాడుకోవాలేమో ఆలోచించండి.

నన్నడిగితే, ఆయనను ఒంటరిగా ఉన్నప్పుడు కలిసి, ఆయన చెప్పినవాటిలో సరైనవాటితో మొదలుపెట్టడం మేలు. ఉప్పు తగ్గించడం నిజంగానే బీపీని తగ్గిస్తుంది. రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడక కూడా అంతే. "మీరు చెప్పాకే అత్తయ్య నడుస్తున్నారు బావగారూ. మాత్ర తగ్గించే సంగతి మాత్రం డాక్టర్ దగ్గర మీరూ ఉంటే బాగుంటుంది" అంటే ఆయన ఆమెకు మేలు చేసినవాడిగానే ఆస్పత్రికి వస్తాడు. తల్లి మీద ప్రేమతోనే ఇవన్నీ చెబుతున్నాడు, ఆ ప్రేమను అబద్ధం అనకండి. ఆయన రాను అంటే? మీరు తీసుకెళ్ళండి. ఆ ఒక్క విషయంలో ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు మీ చదువు. మీరు మొదటి నుంచి నేర్చుకోవాలనుకుంటున్నారు, నేను మాత్రం మీరు సున్నా దగ్గర లేరంటాను. ఆధునిక రసాయన శాస్త్రానికి పునాది వేసిన లవోయిజే ఫ్రాన్స్‌లో పన్నులు వసూలు చేసే సంస్థలో భాగస్వామి. ఆయన ప్రయోగశాలలో గొప్ప పరికరం త్రాసు. మూసిన పాత్రలో మార్పుకు ముందు తూచాడు, తర్వాత తూచాడు. పదార్థం మాయం కాదు, కొత్తగా పుట్టదు, రూపం మారుతుంది, అంతే. మీ లెడ్జర్‌లో జమ, ఖర్చు సరిపోవాల్సినట్టే ప్రకృతిలోనూ సరిపోవాలి. శక్తికీ అదే నియమం. భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, జీవశాస్త్రం అని మూడు పుస్తకాలుగా విడదీసి మనకు బోధించారు కానీ ఈ లెక్క మూడింటిలోనూ ఒకటే.

ఒక ఉదాహరణ. పెద్ద చెట్టులో అన్ని వందల కిలోల కలప ఎక్కడి నుంచి వచ్చింది? చాలామంది మట్టిలోంచి అంటారు. వాన్ హెల్మాంట్ అనే ఆయన సుమారు 90 కిలోల ఎండు మట్టిలో 2 కిలోల పైచిలుకు మొక్క నాటి ఐదేళ్ళు నీళ్ళు పోశాడు. ఆ ప్రయోగం 1648లో అచ్చయింది. చెట్టు 77 కిలోల దాకా పెరిగింది, మట్టి తగ్గింది 60 గ్రాములు కూడా లేదు. ఆయన అంతా నీళ్ళ నుంచే వచ్చిందనుకున్నాడు. తూకం సరిగ్గా వేశాడు కానీ గాలిని లెక్కలో వేయలేదు. చెట్టులోని కార్బన్ అంతా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచే వచ్చింది. ఇప్పుడు దీన్నే తిప్పి అడగండి. మనిషి 10 కిలోల కొవ్వు తగ్గితే అది ఎక్కడికి పోయింది? చెమటగానో, వేడిగానో పోయిందంటారు. లెక్క కడితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలో పోతాయి, 1.6 కిలోలు నీరవుతాయి. చెట్టు గాలి నుంచి కట్టుకుంది, మనం గాలిలోకి వదిలేస్తున్నాం. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ అని బట్టీ పట్టిన రెండు పాఠాలు ఒకే ఖాతాకు రెండు పక్కలని తెలిసినప్పుడు కలిగే సంతోషం మీకు దక్కాలని నాకు నిజంగా ఉంది.

ఎలా నేర్చుకోవాలన్నది మీ తీరికను బట్టి ఉంటుంది. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు స్కూల్ పుస్తకాలు వరసగా చదవవచ్చు. పునాది గట్టిగా పడుతుంది, కానీ ఆఫీసు, ఇల్లు చూసుకుంటూ చదివితే ఏడాది పైనే పట్టవచ్చు, మధ్యలో విసుగు పుట్టి ఆపేసేవాళ్ళే ఎక్కువ. వీడియోలు చూడటం తేలిక. చూస్తున్నంతసేపు అర్థమైనట్టే ఉంటుంది, మర్నాడు సొంత మాటల్లో చెప్పబోతే రాదు. చూశాక నాలుగు వాక్యాలు రాసుకునే అలవాటు ఉంటే అదీ మంచి దారే. ఇంట్లో వచ్చిన ప్రశ్నలనే ఒక్కొక్కటి తీసుకుని లోతుగా వెళ్ళడం ఇంకో పద్ధతి. జ్ఞానం అతుకులు అతుకులుగా వస్తుంది, ఖాళీలు ఉంటాయి, కానీ నేర్చుకున్నది నిలుస్తుంది. మీ మనస్తత్వానికి ఇది నప్పుతుందనిపిస్తోంది, ఎందుకంటే మీకు కావలసింది పరీక్ష మార్కులు కాదు. అసలేమీ నేర్చుకోకుండా, డాక్టర్‌ని అడిగి నడుచుకుంటూ కూడా హాయిగా బతకవచ్చు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. బావగారికి జవాబు చెప్పడం కోసమే అయితే మాత్రం మొదలుపెట్టకండి. ఆయన రేపు ఇంకో ప్రశ్న వేస్తారు, ఆ పరుగుకు అంతు ఉండదు.

పాప గురించి మీరు పడుతున్న బాధ అర్థమైంది. పదేళ్ళ పిల్ల పెద్దవాళ్ళు నవ్వితే నవ్వుతుంది, దానికి తీర్పు విలువ ఇవ్వకండి. ఆ రోజు ప్రశ్నకు జవాబు మీరిద్దరూ కలిసి వెతికితే, తెలియనిదాన్ని తెలుసుకోవడం ఎలాగో తను దగ్గరుండి చూస్తుంది. దానికి ఒక చిన్న ప్రయోగం చెబుతాను. స్కూల్ ల్యాబ్‌లో ఉండే సున్నపు తేట కొద్దిగా అడిగి తెచ్చుకోండి. పెద్దవాళ్ళ ఎదుటే చేయాలి. కళ్ళలో పడకూడదు, స్ట్రాతో ఊదాలే తప్ప పీల్చకూడదు. ఒక గ్లాసులో తేటలోకి స్ట్రాతో మెల్లగా ఊదనివ్వండి, ఇంకో గ్లాసును ఊరికే పక్కన పెట్టండి. ఊదిన గ్లాసు పాలలా తెల్లబడుతుంది. సున్నంతో కార్బన్ డయాక్సైడ్ కలిసి కరగని కాల్షియం కార్బొనేట్ అయింది. రక్తంలో ఆమ్లం పేరుకోకుండా ఊపిరితిత్తులు బయటికి పంపే వాయువు అదే.

రెండో గ్లాసు ఎందుకు పెట్టామో మాత్రం మీరు చెప్పకండి, తననే అడగండి. తర్వాత ఒకసారి మెట్లెక్కి దిగి వచ్చి ఊదితే ఎక్కువ త్వరగా తెల్లబడుతుందా అని అడిగి, ముందు తన ఊహను కాగితం మీద రాయించండి. మీ ఊహ కూడా పక్కనే రాయండి.